మొదటి డిస్కు తీసి చూపించండి

ఆసుపత్రిలో ఆమెను అందరూ సర్వరమ్మ అనేవారు. కంప్యూటర్ల గది తాళం ఆమె దగ్గర ఉండేది, ఆ గదిలో సర్వరు ఉండేది. ఆ పేరు రావడానికి అంతకుమించిన కారణం లేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో వాళ్లమ్మ ఈ పేరు విని, "అంత చదువు చదివి చివరికి హోటల్లో సర్వరు పనికి కుదిరావటే!" అని ముక్కు చీదింది. "పళ్లేలు మోసే సర్వరు కాదమ్మా, రోగుల వివరాలు మోసే సర్వరు" అని చెబితే, "ఏదైతేనేం, మోతే కదా" అంది.

అది కిడ్నీల ఆసుపత్రి. కిడ్నీలు పనిచేయనివాళ్లు వారానికి మూడుసార్లు వచ్చి, పొడుగాటి హాల్లో వరసగా వేసిన వాలుకుర్చీల్లో పడుకుని, పక్కనున్న మిషన్ల ద్వారా రక్తం శుభ్రం చేయించుకుని వెళతారు. ఎవరి ఒంట్లోంచి ఎంత నీరు తీయాలి, ఎవరికి ఏ మందు పడదు, డాక్టరు నిన్న ఏం మార్చారు అన్నీ ఆ సర్వరులోనే ఉంటాయి. నర్సులు కుర్చీ పక్కనున్న తెర చూసి మిషను తిప్పుతారు.

సర్వరమ్మ బావ కూడా అక్కడికే వచ్చేవాడు. ఒకప్పుడు లిఫ్టు మెకానిక్కు. ఒంట్లో ఓపిక తగ్గాక పని మానేశాడు. అక్క ఇంటి ముందుగదిలో కుట్టుమిషను వేసుకుని ఇల్లు నడుపుతోంది. వీళ్లు తనవాళ్లని సర్వరమ్మ ఆసుపత్రిలో ఎవరికీ చెప్పలేదు. చెబితే, మరదలి పలుకుబడితో కుర్చీ సంపాదించాడంటారని భయం. హాల్లో ఎదురుపడినప్పుడు బావ మహా మర్యాదగా తలవంచి "నమస్కారం మేడం" అనేవాడు. ఆ నమస్కారంలోని వెటకారం ఆమెకొక్కదానికే అర్థమయ్యేది.

సర్వరు తెచ్చి పెట్టింది బయటి కంపెనీ. ఆ కంపెనీ తరఫున వచ్చే మనిషిని అందరూ టై బాబు అనేవారు. ఎండలు మండిపోతున్నా మెడలో టై ఉండాల్సిందే. "ఇందులో రెండు డిస్కులున్నాయి. ఒకదాంట్లో రాసిన ప్రతి అక్షరం అదే క్షణంలో రెండోదాంట్లోనూ పడుతుంది. అద్దంలో బొమ్మలాగా. ఒకటి పోయినా రెండోది నడిపిస్తుంది. మీరు నిశ్చింతగా నిద్రపోవచ్చు" అని అతను చెప్పిన మాట మేనేజరుకు తెగ నచ్చింది. వచ్చినవాళ్లందరికీ తన సొంత మాటలా చెప్పుకునేవాడు.

సర్వరమ్మకు మాత్రం ఆ నిద్ర పట్టలేదు. ఒకరోజు లోపలికి వెళ్లి చూసింది. రోగుల వివరాలు రెండు డిస్కుల్లోనూ చక్కగా ఉన్నాయి. కానీ సర్వరు ఆన్ చేయగానే, ఎక్కడినుంచి మొదలుపెట్టాలో చెప్పే ఓ చిన్న జాగా ఉంటుంది, దాని లేచే దారి అదే. రెండు డిస్కుల్లోనూ ఒకేసారి పడే ఆ జంటరాతలో ఈ జాగా కలవదు. దాన్ని రెండు డిస్కుల్లోనూ విడివిడిగా, చేత్తో పెట్టాలి. టై బాబు మొదటిదాంట్లో పెట్టి చేతులు దులుపుకున్నాడు. రెండో డిస్కులో ఆ జాగా ఖాళీ. పైగా, మొదటి డిస్కులోని ఆ జాగా కనిపించేదాకా పని మొదలుపెట్టొద్దని మిషనుకు ఒక ఆజ్ఞ కూడా రాసి ఉంది. అంటే మొదటి డిస్కు పోతే, నడుస్తున్నంతసేపూ మిషను నడుస్తుంది. ఒక్కసారి ఆపితే మాత్రం మళ్లీ లేవదు.

వెళ్లి మేనేజరుకు చెప్పింది. కంపెనీ వాళ్లు తప్ప ఇంకెవరూ సర్వరు మీద చెయ్యి వేయకూడదని ఒప్పందం. అందుకని అడిగి చెయ్యాలనుకుంది.

"ఒక ఆదివారం ఇవ్వండి సార్. రోగులెవరూ ఉండరు. మొదటి డిస్కు బయటికి తీసి, మిషను లేస్తుందో లేదో చూద్దాం. లేవకపోతే సరిచేద్దాం."

మేనేజరు ఆమె వైపు జాలిగా చూశాడు. "ఇల్లు కాలుతుందో లేదో చూడ్డానికి ఎవరైనా ఇంటికి నిప్పు పెట్టుకుంటారా మేడం?"

"నిప్పు పెట్టమనడం లేదు సార్. కాలినప్పుడు తలుపు తెరుచుకుంటుందో లేదో చూద్దామంటున్నాను."

"కంపెనీ వాళ్లు అన్నీ చూసే పెట్టారు. వాళ్లకి తెలీదా, మీకు తెలుసా?"

ఆ మాటకు ఆమె ఒళ్లు మండిపోయింది. లేచి వచ్చేసింది. తర్వాత ఇంకో రెండుసార్లు అడిగింది. మూడోసారి మేనేజరు ఫోనులోంచి తలెత్తకుండానే "మళ్లీ అదే పాటా?" అన్నాడు.

వానలు మొదలయ్యాక మొదటి డిస్కు పోయింది. డిస్కు చెడిందని తెలపడానికి సర్వరు కూయడం మొదలుపెట్టింది. రెండో డిస్కు మీద పని ఏ లోటూ లేకుండా సాగిపోతోంది కాబట్టి హాల్లో ఎవరికీ ఏమీ తెలియలేదు. సర్వరమ్మ మాత్రం గుండె చిక్కబట్టుకుని తిరిగింది. కొత్త డిస్కు కోసం కంపెనీకి ఫోను మీద ఫోను కొట్టింది. "ఈలోపు రెండో డిస్కుకి లేచే దారి నేను పెట్టేస్తాను, ఒప్పుకోండి" అని బతిమాలింది. "మేమొచ్చి చూస్తాం, మీరు ముట్టుకోకండి" అన్నాడు టై బాబు. వచ్చింది లేదు, చూసింది లేదు. ఆమె మేనేజరుకు చెప్పింది, పెద్ద నర్సుకు చెప్పింది, తలుపు మీద పెద్ద అక్షరాలతో కాగితం అంటించింది: "సర్వరు ఆపకండి. ఆపితే లేవదు."

మేనేజరు గది ఆ పక్కనే. ఆ కూతతో ఆయనకు తలనొప్పి పట్టుకుంది. ఒకరోజు పొద్దున్నే, సర్వరమ్మ ఇంకా బస్సులోనే ఉండగా, టై బాబుకు ఫోను చేశాడు. అతను ఇంట్లో పళ్లు తోముకుంటూ, "ఒకసారి రీస్టార్ట్ చెయ్యండి సార్, కూత పోతుంది" అన్నాడు. మేనేజరు తన దగ్గరున్న మారుతాళంతో తలుపు తీసి, కాగితాన్ని దాటుకుని లోపలికెళ్లి మీట నొక్కాడు.

కూత పోయింది. దాంతోపాటే అన్నీ పోయాయి.

సర్వరమ్మ వచ్చేసరికి హాలు సంతలా ఉంది. తెరలన్నీ ఖాళీ. పొద్దుటి రోగులు అప్పటికే వచ్చి కూర్చున్నారు. రెండురోజుల నీరు ఒంట్లో పేరుకుని కొందరికి ఊపిరి అందడం లేదు, వాళ్లను ఆపడానికి లేదు. నర్సులు గుర్తున్నంత మేరకు మిషన్లు తిప్పుతున్నారు.

"ఎవరు ఆపారు?" అంది గదిలోకి అడుగుపెడుతూనే.

మేనేజరు చేతిలో ఫైలుతో విసురుకుంటున్నాడు. "నేనే. కంపెనీ వాళ్లు చెయ్యమన్నారు."

"తలుపు మీద కాగితం చూడలేదా సార్?"

"తలుపుల మీద లక్ష కాగితాలు అంటిస్తారు. ఇప్పుడు అదా ముఖ్యం? ముందు దీన్ని లేపండి."

ఇప్పుడు ఒప్పందం గుర్తుకురాలేదు ఆయనకు! సర్వరమ్మ సంచిలోంచి పెన్‌డ్రైవు తీసింది. ఇలాంటి రోజు వస్తుందని ఎప్పుడో తయారుచేసి పెట్టుకుంది. దాంట్లోంచి మిషను లేపింది. రెండో డిస్కును తెరిచింది. వివరాలన్నీ భద్రంగా ఉన్నాయి. ఇక మిగిలింది ఆ చిన్న జాగా నింపడం, మొదటి డిస్కు కోసం ఎదురుచూడమన్న ఆజ్ఞ కొట్టేయడం. ఒక్కో వరసా కొడుతోంది.

అప్పుడే హాల్లోంచి కేక వినిపించింది. "ఏమండీ! ఏమండీ! సిస్టర్, ఈయన కళ్లు తేలేశారు!"

అది అక్క గొంతు.

సర్వరమ్మ కుర్చీలోంచి సగం లేచింది. పనేమో సగంలో ఉంది. ఇప్పుడు వదిలేసి పరిగెత్తితే, తను అక్కడ చెయ్యగలిగేది అక్కతో కలిసి ఏడవడమే. ఆ హాల్లో ఇంకా ఇంతమంది ఉన్నారు, వాళ్ల కొలతలన్నీ ఈ పెట్టెలో ఇరుక్కున్నాయి. మళ్లీ కూర్చుంది. చెంపల మీద కారుతున్నదాన్ని తుడుచుకోకుండానే మిగిలిన వరసలు కొట్టింది. పెన్‌డ్రైవు పీకి, సర్వరు ఆపి మళ్లీ ఆన్ చేసింది. నల్లతెర మీద తెల్ల అక్షరాలు జలజలా దిగాయి. హాల్లో తెరలు ఒక్కొక్కటీ వెలిగాయి. అప్పుడు పరిగెత్తింది.

బావ బతికే ఉన్నాడు. కాళ్లు ఎత్తులో పెట్టి, సెలైను ఎక్కించి, తేరుకునేలా చేశారు. జరిగింది ఇదీ: బావకు ఈమధ్య కాస్త ఒళ్లొచ్చిందని డాక్టరు కిందటి వారమే ఆయన ఉండాల్సిన బరువును పెంచి, నీరు తక్కువ తీయమని రాశారు. ఆ మార్పు సర్వరులో ఉంది. నర్సుకు పాత లెక్కే గుర్తుంది. దాంతో తీయాల్సినదానికన్నా ఎక్కువ నీరు లాగేశారు. రక్తపోటు పడిపోయింది.

అక్క ఆమెను చూసి మొహం తిప్పుకుంది.

మధ్యాహ్నం మేనేజరు గదిలో సమావేశం. టై బాబు ఉతికిన చొక్కాతో, బిగించిన టైతో వచ్చాడు. "ఒక్క అక్షరం కూడా పోలేదు కదండీ! అంటే మా మిర్రరు పని చేసినట్టే" అన్నాడు నవ్వుతూ.

"అక్షరాలు పోలేదు. మనిషి పోబోయాడు" అంది సర్వరమ్మ.

"మేడం, ముందే తెలిసి కూడా మీరు గట్టిగా చెప్పకపోవడం వల్లే ఇంతవరకూ వచ్చింది" అన్నాడు మేనేజరు.

 నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పింది, కాళ్లావేళ్లా పడి చెప్పింది, తలుపుకి అంటించి చెప్పింది. ఇంక ఎంత గట్టిగా చెప్పాలి? మైకు పెట్టుకునా?

"కంపెనీ మిషను మీద అనుమతి లేకుండా చెయ్యి వేశారు కూడా. ఇకనుంచి తాళం నా దగ్గర ఉంటుంది. కొత్త డిస్కు వాళ్లే పెట్టుకుంటారు" అని ఆయన చెయ్యి చాపాడు. ఆమె తాళంచెవి బల్ల మీద పడేసింది. చేతిలో పెట్టలేదు.

"ఇంకో పని. ఆ పడిపోయినాయన భార్య ఎవరో టైలరమ్మట. గొడవ చేసేలా ఉంది. మీరు ఆడవాళ్లు కదా, వెళ్లి ఆసుపత్రి తరఫున నాలుగు మెత్తని మాటలు చెప్పి, మీ పొరపాటుకి క్షమాపణ అడిగి రండి. నోరు పెద్దదట, జాగ్రత్త."

సర్వరమ్మ ఆయన మొహంలోకి చూసింది. ఆ టైలరమ్మ చేతి ముద్ద తిని తను పెరిగిందని చెప్పలేదు. "వెళ్తాను సార్" అని మాత్రం అంది.

ఆ సాయంత్రం అక్క ఇంటికి వెళ్లేసరికి, అక్క కుట్టుమిషను మీద స్కూలు చొక్కాలకు కాలర్లు వేస్తోంది. తలెత్తలేదు. మిషను మాత్రం మామూలుకన్నా వేగంగా తొక్కుతోంది.

"నీ మిషనే కదే చెడింది?" అంది చివరికి. "నువ్వుండి కూడా మీ బావకి ఇట్లా అయింది. పక్కగదిలోనే ఉండి కనీసం రాలేదు నువ్వు."

సర్వరమ్మ చాపమీద కూలబడి మొత్తం చెప్పింది. ఆదివారం అడగడం, ఇల్లు తగలబెడతావా అనడం, కాగితం, కూత, పళ్లు తోముకుంటూ ఇచ్చిన సలహా, చివరికి తాళం లాక్కోవడం. చెబుతూ చెబుతూ, కేక విని కూడా ఎందుకు లేవలేదో చెప్పబోయి ఆగిపోయింది. 

తొక్కడం ఆగింది.

"మరి ఇప్పుడెందుకొచ్చావు?"

"క్షమాపణ అడగడానికి. నా పొరపాటుకి. ఆ టైలరమ్మ నోరు మూయించి రమ్మన్నారు. నోరు పెద్దదట."

లోపలి గదిలో మంచం మీదినుంచి నీరసంగా నవ్వు వినిపించింది. "ఆ ఒక్క మాటా నిజమేలే మరదలా."

"మీరు పడుకోండి!" అని అరిచింది అక్క. తర్వాత చెల్లెలి వైపు తిరిగింది. మొహం జేవురించింది. "తప్పు చేసినోడు టై సర్దుకుని కూర్చున్నాడు, ముందే చెప్పినదానివి నువ్వొచ్చి క్షమాపణ అడగాలా? ఎక్కడి న్యాయమే ఇది? ఇప్పుడా మిషను బాగయిందా?"

"కొత్త డిస్కు వాళ్లే పెడుతున్నారు. నన్ను రానివ్వలేదు. పెట్టాక తీసి చూడరు, అది మాత్రం నాకు తెలుసు."

"మేం లిఫ్టు అప్పగించేముందు, తాడు తెగినా ఆపే పట్టు నిజంగా పడుతుందా లేదా అని దాన్ని ఒకసారి జారనిచ్చి చూసేవాళ్లం" అన్నాడు బావ లోపలినుంచి. "చూడకుండా ఎక్కమంటే ఎవడెక్కుతాడు? మా ఆవిడ్ని ఎక్కించేవాణ్ణేమో."

అక్క ఈసారి అరవలేదు. సూది డబ్బా మూత పెట్టి, "నేను రేపు వస్తాను" అంది.

అన్నంత పనీ చేసింది. మేనేజరు గదికి కాదు, నేరుగా పెద్ద డాక్టరు దగ్గరికెళ్లింది. ఆయన రోగులను చూడడంలో దిట్ట. మిగతావన్నీ మేనేజరుకు వదిలేసిన మనిషి. "మా ఆయన మళ్లీ ఆ కుర్చీలో పడుకోవాలంటే, మొదటి డిస్కు నా కళ్ల ముందు తీసి చూపించండి. తర్వాత రెండోది తీసి చూపించండి. అంతదాకా ఈ హాల్లో కూర్చుని, వచ్చినవాళ్లందరికీ జరిగింది చెబుతాను. నాకు పనేం లేదు, చేతికుట్టు ఇక్కడా చేసుకోవచ్చు" అని నిజంగానే ఒక చొక్కా ఒళ్లో వేసుకుని కూర్చుంది. పెద్ద డాక్టరుకు జరిగిందేమిటో అప్పుడే పూర్తిగా తెలిసింది. ఆ పరీక్ష ఆదివారం పెట్టమన్నాడు.

ఆదివారం ఆ చిన్న గదిలో అయిదుగురు. పెద్ద డాక్టరు, మేనేజరు, టై బాబు, తలుపు దగ్గర స్టూలు మీద అక్క, గోడకానుకుని సర్వరమ్మ. ముందుగా వివరాలన్నిటికీ వేరే నకలు తీయించమని సర్వరమ్మ అడిగి తీయించింది. కొత్త డిస్కు మొదటి గూట్లో ఉంది. దాన్ని కంపెనీ వాళ్లు పెట్టి, జంటరాత మళ్లీ కలిపి వెళ్లారు.

"తియ్యి నాయనా" అంది అక్క టై బాబుతో.

అతను డిస్కు పిడి మీద చెయ్యి వేసి ఆగాడు. "సూత్రప్రకారం ఇది అవసరం లేదండీ. అనవసరంగా రిస్కు..."

"నిశ్చింతగా నిద్రపొమ్మన్నది మీరే కదా" అంది సర్వరమ్మ. "చెయ్యెందుకు ఆగింది?"

అతను లాగాడు. సర్వరు ఆపి మళ్లీ ఆన్ చేశారు. రెండో డిస్కు మీద నిక్షేపంగా లేచింది. అది సర్వరమ్మ ఆరోజు ఏడుస్తూ సరిచేసిన డిస్కు. టై బాబు మొహం విప్పారింది. "చూశారా!" అన్నాడు. మేనేజరు కూడా, "అయిపోయింది కదమ్మా, ఇక బయల్దేరదామా" అని లేవబోయాడు.

"రెండోది?" అంది అక్క కదలకుండా.

డిస్కు తిరిగి పెట్టి, రెండూ మళ్లీ ఒకటయ్యేదాకా చాలాసేపు ఆగాల్సి వచ్చింది. అక్క ఈలోపు రెండు చొక్కాలకు గుండీలు కుట్టింది. తర్వాత టై బాబు రెండో డిస్కు తీశాడు. మీట నొక్కాడు. పంకాలు గుయ్యిమన్నాయి. తెర నల్లగా వచ్చి, ఒక్క తెల్లటి వరసతో నిలబడిపోయింది.



"ఏం రాసుంది?" అంది అక్క.

"లేచే దారి ఎక్కడా దొరకలేదని రాసుంది" అంది సర్వరమ్మ.  "మళ్లీ అదే చేశారు డాక్టరు గారూ. వివరాలు కలిపారు, లేచే దారి పెట్టలేదు. ఒక మనిషి పడిపోయాక కూడా, అదే తప్పు, అంత శ్రద్ధగా, మళ్లీ చేశారు. నన్ను బయట నిలబెట్టి మరీ చేశారు."

టై బాబు మెడ దగ్గర ముడి వదులు చేసుకున్నాడు. "అది... మా వాళ్లు కొత్తవాళ్లు..."

"ఆవిడ తాళం ఆవిడకి ఇవ్వండి" అన్నాడు పెద్ద డాక్టరు మేనేజరుతో.

సర్వరమ్మ కుర్చీ లాక్కుని కూర్చుంది. రెండో డిస్కు పెట్టించి మిషను లేపింది, కొత్త డిస్కులో ఆ చిన్న జాగా కట్టింది, రెండు డిస్కుల పేర్లూ లేచే వరసలో రాయించింది. ఇకముందు లేచే దారిలో ఏ మార్పు జరిగినా రెండు చోట్లా పడేలా ఏర్పాటు చేసింది. తర్వాత ఆమే తీసింది. ఒకటి తీసి లేపింది, పెట్టి, కలిసేదాకా ఆగి, రెండోది తీసి లేపింది. రెండుసార్లూ తెల్ల అక్షరాలు జలజలా దిగాయి.

అక్క చొక్కాలు మడిచి సంచిలో పెట్టుకుని లేచింది. "ఇక మా చెల్లికి క్షమాపణ చెప్పండి" అంది మేనేజరుతో.

మేనేజరు నోరు తెరిచాడు. "చెల్లా?" ఒక్క క్షణంలోనే తేరుకుని పెద్ద డాక్టరు వైపు తిరిగాడు. "చూశారా సార్! ఇదంతా ఇంట్లో కూర్చుని వేసిన పథకం! చుట్టాలని ముందే చెప్పకుండా..."

సర్వరమ్మకు నవ్వొచ్చింది. ఆ నవ్వు చూసి ఆయన ఇంకా మండిపడ్డాడు. "అవును సార్, మా బావ నాతో ముందే మాట్లాడుకుని, ఆ పథకం ప్రకారమే స్పృహ తప్పారు" అంది.

పెద్ద డాక్టరు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "ఇక చాలు. ప్రతి నెలా ఒక ఆదివారం ఈ పరీక్ష జరగాలి" అన్నాడు. క్షమాపణ సంగతి ఆయనా ఎత్తలేదు.

కంపెనీని మార్చలేదు. టై బాబు బదులు ఇంకొకతను వస్తున్నాడు, అతనికీ టై ఉంది. ఆ తర్వాత జరిగిన సిబ్బంది సమావేశంలో మేనేజరు లేచి, "మన సర్వరు ఇప్పుడు ఏ డిస్కు మీదనైనా ఒంటికాలి మీద నిలబడుతుంది, స్వయంగా దగ్గరుండి పరీక్ష చేయించాను" అని చెప్పాడు. చప్పట్లు కొట్టారు. వెనకవరసలో పెద్ద నర్సు సర్వరమ్మ మోచేయి పట్టుకుంది, లేస్తుందేమోనని.

ఆమె లేచింది.

"దగ్గరుండడం కాదు సార్. ఈ నెలనుంచి తీసేది మీరే" అంది అందరూ వినేలా. "మీట నొక్కింది మీరు కాబట్టి, తీయడం కూడా మీ చేత్తోనే జరగాలి. నేను పక్కనుండి చూస్తాను."

 పెద్ద డాక్టరు ముందువరసలోంచి వెనక్కి తిరిగి చూసి, "మంచిదే" అన్నాడు.

ఇప్పుడు నెలకోసారి ఆదివారం మేనేజరు వస్తాడు. డిస్కు పిడి పట్టుకుని, లాగేముందు ప్రతిసారీ ఆమె మొహంలోకి చూస్తాడు. ఆమె "తియ్యండి" అంటుంది, అంతకుమించి ఒక్క మాట ఎక్కువ మాట్లాడదు. కోపం తగ్గిందా అని బావ అప్పుడప్పుడూ అడుగుతాడు. తగ్గలేదనే చెబుతుంది.